చారల సూర్యుడు

నిజ ఆశ్వయుజం, పన్నెండో రోజు

చేసిన పనులు: నీటి కోటా పట్టడం, రెండు డబ్బాలు. గాలి జల్లెడలు దులపడం, మూడు. జొన్నరొట్టెలు, పదకొండు. తొట్లలో బచ్చలి కోత, ఒక పళ్ళెం. వల్లికి కంటి చుక్కలు, నాలుగుసార్లు. సూర్యుడి ఫొటోలు, ఏడు. వాటిలో పనికొచ్చేవి, సున్నా.

దసరా వెళ్ళి రెండు రోజులైంది. పండగంతా ఆకాశాన్ని కప్పిన ఎర్రదుమ్ము ఈ ఉదయానికి దిగింది. రొట్టెల పని ముగించి పైనున్న ఎండగదికి వెళ్ళాను. బయటి అద్దం సూర్యుణ్ణి వెంబడిస్తూ వెలుగును గొట్టంలోకి పంపుతుంది. గొట్టం ఈ కొస గదిలో ఉంటుంది, దాని మెడకు కెమెరా. ముందు ఇదంతా నా ఆడపడుచు వల్లి చూసుకునేది. దాని కన్ను పాడయ్యాక నేను అందుకున్నాను. పండగకు ముందు తీసిన ఫొటోలన్నీ తేటగా వచ్చాయి.

ఈ రోజు తీసినవాటిలో సూర్యుడి మీద అడ్డంగా చారలున్నాయి. నల్లచార, ఎర్రచార, మళ్ళీ నల్లచార, జంపఖానా పరిచినట్టు. చారల మధ్య, నడిమికి కాస్త కుడివైపున, ఒక నల్లటి మచ్చ.

రెండేళ్ళ కిందట వల్లి కుడికన్ను పోయింది. ఇప్పుడు ఎడమకంటి లోపలి పొర ఊడుతోంది. పెద్దూరి ఆస్పత్రి డాక్టరమ్మ రేడియోలో స్పష్టంగా చెప్పింది. నడిమి భాగం ఇంకా అంటుకునే ఉంది, అది ఊడేలోగా తీసుకొస్తే చూపు నిలబెడతాను, తర్వాత తెస్తే నా చేతుల్లో ఉండదు అని. పెద్దూరు బండి మీద నాలుగు రోజుల దారి. మధ్యలో తలదాచుకునే గుహ ఒక్కటీ లేదు. సూర్యుడి నుంచి తుఫాను లేచిందంటే దానికి చప్పుడుండదు, వానుండదు. బండిలో ఉన్నవాళ్ళ ఒంట్లోంచి దూసుకుపోతుంది. ఒకప్పుడు అట్లా ముగ్గురు పోయారు. అప్పటి నుంచి ఊరంతా కలిసి పెట్టుకున్న నియమం ఒకటే: ఫొటోలో అనుమానం ఉంటే దారి మూయాలి.

భూమి నుంచి అడిగి తెలుసుకుందామంటే, ఈ పక్షం భూమి సూర్యుడికి అవతల ఉంది. మాట అందదు. అందినా వాళ్ళకు కనబడేది సూర్యుడి ఆ ముఖం, మాకు కనబడేది ఈ ముఖం.

దారి చూసే దేవసహాయం గారు ఫొటోలన్నీ ఓపిగ్గా తిరగేశారు. మచ్చ నిజమైతే సరిగ్గా మన వైపే చూస్తోందనీ, చారల వెనక ఇంకేముందో తెలియదనీ, తేటగా ఒక్కటి తెస్తే ఆ క్షణమే ఊరి తలుపు కొక్కెం తీస్తాననీ చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. ఆ పోయిన ముగ్గురిలో ఒకరు ఆయన తమ్ముడు.

సాయంత్రం చుక్కలు వేస్తుంటే, కంటికింద నుంచి నల్లటి తెర లేస్తున్నట్టుందని వల్లి చెప్పింది. నిన్నటికంటే ఎత్తుగా ఉందట.

నిజ ఆశ్వయుజం, పదమూడో రోజు

పనులు: నీళ్ళు, జల్లెడలు, రొట్టెలు ఎప్పటిలాగే. ఉతుకు ఆపేశాను. పప్పు మాడింది, గిన్నె నానబెట్టాను. ఫొటోలు, ఇరవై రెండు.

మా ఆయన శేషగిరి రాత్రి పంపుల డ్యూటీ దిగి ఉదయం వచ్చారు. నేను చారలతో కుస్తీ పడుతుంటే చూసి, ఒక ఫొటో తీసుకెళ్ళి పంపుల గదిలో ఉన్న బొమ్మలు బాగుచేసే యంత్రంలో పెట్టారు. కాసేపటికి అచ్చు తెచ్చి బల్లమీద పెట్టారు. చారల్లేవు, మచ్చ లేదు. అంచులు గీత గీసినట్టున్నాయి. నిజం చెప్పాలంటే ఎంత ముచ్చటగా ఉందో. దాన్ని చూస్తుంటే కందుకూరులో మా డాబా గుర్తొచ్చింది.

వేసవిలో మా అమ్మ తెల్లవారకముందే వడియాల పిండి ఉడికించేది. పాత పంచె తడిపి పరిచి, నేనూ అమ్మా చెరో కొసన కూర్చుని గరిటెలతో పెట్టుకుంటూ వచ్చేవాళ్ళం. మధ్యలో కలుసుకునేసరికి సూర్యుడు పక్కవాళ్ళ పిట్టగోడ ఎక్కేవాడు. వీపు చురచురలాడేది. ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ కిందికి దిగేవాళ్ళం. ఎండ అంటే అది. ఎవరూ కొలవలేదు, ఎవరూ కోటా వేయలేదు. గ్రహణం రోజున ఇత్తడి పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి రోకలి నిలబెట్టి, ఆ నీళ్ళలో కొరుకుడు పడిన సూర్యుణ్ణి చూపించేది. ఇక్కడి సూర్యుడు అందులో మూడింట రెండొంతులుంటాడు. పెళ్ళై వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా, అద్దంలోంచి చూసినప్పుడల్లా ఎవరో దూరపు చుట్టాన్ని చూసినట్టుంటుంది.

ఆ అచ్చు చూపిస్తే దేవసహాయం కొక్కెం తీస్తాడని మా ఆయన అన్నారు. ఆ మచ్చ ఏమైందని అడిగాను. యంత్రం తీసేసిందన్నారు. అది మురికి అని యంత్రానికి ఎట్లా తెలిసిందని అడిగితే, తల పక్కకు తిప్పుకుని, "అది నా చెల్లెలు, చూడామణీ" అన్నారు. అచ్చును వల్లి గదికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ చెప్పినట్టు వల్లి ఎడమవైపుకు ఒత్తిగిలి పడుకునే ఉంది. అచ్చును కంటికి దగ్గరగా పెట్టుకుని, తెర అడ్డు రాని పక్కనుంచి చాలాసేపు చూసింది.

"ఏంది వదినా ఇది? సూర్యుడా, పెళ్ళికార్డు మీద బొమ్మా?"

"మీ అన్నయ్య చేయించారు."

"అన్నకు నా మీద ప్రేమ ఉండాదిలే. పంపబోకు దీన్ని. బండిలో నేనొక్కదాన్నే ఉంటానా? బండి తోలే మస్తాను ఉంటాడు. వాడికి ముగ్గురు పిల్లలు."

తర్వాత మచ్చ సంగతి అడిగింది. ఎంత పెద్దది, అంచు పదునుగా ఉందా, అలుక్కుపోయినట్టుందా అని. అలుక్కుపోయినట్టుందని చెప్పాను. అది లేచి కూర్చోబోతే భుజం పట్టుకుని పడుకోబెట్టాను.

"కెమెరాని మెడలో పావు తిప్పి చూడు. సూర్యుడి మీదిదైతే సూర్యుడితోపాటు తిరుగుద్ది. మన మురికైతే ఫొటోలో ఉన్నచోటే ఉంటది."

ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. కూర రుచి చెడితే తప్పు ఉప్పుదా, పోపుదా అని విడదీసి చూసే నేను, సూర్యుడనేసరికి అంతా ఒకే ముద్దగా చూశాను. పైకెళ్ళి కెమెరాను పావు తిప్పి తీశాను. సూర్యుడు తిరిగాడు. మచ్చ తిరగలేదు, చారలూ తిరగలేదు. మూడుసార్లు తిప్పాను, మూడుసార్లూ అంతే. అంటే మచ్చ సూర్యుడిది కాదు.

కెమెరా విప్పి, గాజు మీద భూతద్దం పెట్టి చూశాను. ఒక రేణువు, ఎర్రగా. అది ఇక్కడి దుమ్ము ఎరుపు కాదు. కుంకుమ ఎరుపు.

మహర్నవమి రోజు ఆయుధపూజకు వీధిలోని ఆడవాళ్ళమంతా పంపులకూ జల్లెడలకూ పెట్టినట్టే ఎండగది గొట్టానికీ గంధం, కుంకుమ పెట్టాం. మెడ దగ్గర, సరిగ్గా కెమెరా పైన. పొడిగాలికి గంధం ఎండి, పెచ్చు లేచి, లోపలికి రాలింది. భూమిని మింగేటంత మచ్చ అనుకున్నది ఆవగింజలో వందో వంతు కుంకుమ. రబ్బరు బుడగతో ఊదేశాను. మళ్ళీ తీసి చూస్తే మచ్చ లేదు.

వల్లికి చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. "సూర్యుడికే బొట్టు పెట్టినావా వదినా? ఛాయాదేవి చూస్తే ఊరుకుంటదా?"

చారలు మాత్రం అట్లాగే ఉన్నాయి. తెర ఇంకొంచెం లేచిందట. నవ్వడం అయ్యాక చెప్పింది.

నిజ ఆశ్వయుజం, పద్నాలుగో రోజు

పనులు: నీళ్ళు పట్టాను. మిగిలినవన్నీ వదిలేశాను. నిన్నటి రొట్టెలే.

తెల్లవారగానే చారల మీద పడ్డాను. గాజులన్నీ తుడిచాను. అద్దం తుడిపించాను. ఫొటో తీసే వేగం పెంచాను, తగ్గించాను. చార చెక్కుచెదరలేదు. ఎనిమిదింటికి కిందికి దిగి, చేసినవన్నీ వరసగా వల్లికి చెప్పాను. విని, ఒక్కటే అడిగింది.

"మెడలో కాయితం మడత ఉండాల. ఉండాదా?"

"ఏ కాగితం?"

"కెమెరా కూర్చునేచోట, ఒకపక్కన. పాత క్యాలెండరు ముక్క మడిచి పెట్టినా."

ఉండేది. నవమికి ముందురోజు తుడుస్తూ, నూనె జిడ్డు పట్టిన ఆ మడతను నేనే పీకి చెత్తడబ్బాలో వేశాను. కెమెరా కాస్త వాలి ఉందని, సూటిగా నిలబెట్టి మరలు బిగించాను. శుభ్రం చేశానని తృప్తిగా కాఫీ తాగాను కూడా.

అది వాలి ఉండాలట. మా గొట్టంలోని గాజు ఒకే ఒక్క రంగు వెలుగును వదులుతుంది. అటువంటి వెలుగు కెమెరా ముందు పలకకూ వెనక పలకకూ మధ్య సూటిగా తగిలి ముందుకూ వెనక్కూ కొట్టుకుంటే, నీళ్ళమీద నూనెచుక్క వేస్తే రంగుచారలు పుట్టినట్టే చారలు పుడతాయట. కొంచెం వంచితే ఆ తిరుగు వెలుగు పక్కకు పోతుంది. ఇదంతా వల్లి కళ్ళు మూసుకుని, చేతులతో గాలిలో రెండు పలకలు పట్టుకుని చూపించింది.

క్యాలెండరు ముక్క ఊరి కాగితాల గుజ్జులో ఎప్పుడో కలిసిపోయింది. వల్లి మాత్రల రేకు ఒకటి ఖాళీ అయితే కత్తిరించి మడిచాను. ఒక పొర పెట్టి తీస్తే చారలు సన్నబడి దగ్గరకు జరిగాయి. రెండు పొరలకు ఇంకా సన్నబడ్డాయి. నాలుగో పొరకు మాయమయ్యాయి. ఐదు పెట్టి చూస్తే సూర్యుడి ఒక పక్క అలికినట్టైంది, నాలుగుకే వచ్చాను.

ఎంత తేటగా ఉన్నాడో సూర్యుడు. ఉడుకుతున్న రవ్వలా గింజగింజా కనబడుతున్నాడు. ఆ గింజల్ని చూసుకుంటూ పక్కకు వచ్చాను. అంచున, నిన్నటిదాకా ఒక లావు చార కప్పిన చోట, మూడు చిన్న నల్లచుక్కలు, వాటి పక్కన తెల్లటి అల్లిక.

కెమెరాను పావు తిప్పాను. అవి కదలకూడదని కోరుకున్నాను. సూర్యుడితోపాటు తిరిగాయి.

బల్లమీద మా ఆయన తెచ్చిన అచ్చు ఇంకా అక్కడే ఉంది. అందులో ఆ అంచు నున్నగా ఉంది. యంత్రం చారతోపాటు చుక్కల్నీ తుడిచేసింది. ఆయన గుమ్మంలో నిలబడి నా ముఖం చూశారు, అచ్చును చూశారు. దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు. నిన్న దాన్ని చూసి ముచ్చటపడ్డది నేనే.

వల్లికి ఎట్లా చెప్పాలో తెలియక ముందు చుక్కలు వేశాను. తర్వాత చెప్పాను. మూడున్నాయి, నిజమైనవే, అంచున ఉన్నాయి అని.

"ఏ అంచున?"

నేను చూడలేదు. మళ్ళీ పైకి పరుగెత్తాను. తిప్పిన కెమెరాలో తూర్పేదో పడమరేదో తెలియదు. అద్దాన్ని ఆపేస్తే సూర్యుడు జారిపోతాడు, ఎటు జారితే అది పడమర. ఆపి చూశాను. చుక్కలు లేని వైపుకు జారాడు. కిందికి వచ్చి తూర్పు అన్నాను.

వల్లి లేచి కూర్చుంది. ఈసారి నేను ఆపలేదు.

"అయితే ఇప్పుడే ముఖం చూపించినాయి. మన వైపు తిరగడానికి వారం పడతది. నాలుగు రోజుల్లో పోతాం గదా. ఇవాళ పోవాల వదినా, రేపు కాదు."

మూసిన దారి చారలున్నంత కాలం మూసే ఉండేది. చెడ్డకబురైనా తేటగా కనబడింది కాబట్టి, అది ఎంత దూరంలో ఉందో తెలిసింది. నేనూ మా ఆయనా కలిసి దేవసహాయం గారి దగ్గరికి వెళ్ళాం. చుక్కల్ని నేనే ముందు వేలుపెట్టి చూపించాను. తిప్పకముందు ఫొటో, తిప్పిన ఫొటో, జారుతున్న ఫొటో, మూడూ పక్కపక్కన పరిచాను. ఆయన వేళ్ళతో అంచు నుంచి నడిమికి కొలుచుకున్నారు.

"అమ్మా, తూర్పున ఉన్నా ఒక్కోసారి పేలద్ది. మనమీదికి రాదు, కానీ జల్లు తగలచ్చు. రేపు ఏదన్నా అయితే ఈ కాయితం మీద మీ పేరే ఉంటది."

"ఉండనీండి" అన్నాను. సంతకం చేశాను. పేరులో ణి కాస్త వంకర పోయింది.

ఆయన ఒక్క షరతు పెట్టారు. బండి గోడల్లో నీళ్ళుంటాయి, జల్లును ఆపేది ఆ నీళ్ళే. ఎప్పుడూ సగం నింపి పంపుతారు. ఈసారి నిండుగా ఉండాలన్నారు. ఊరి తొట్టిలో అన్ని నీళ్ళు లేవు. ఇళ్ళనుంచి అరువు అడగాలి.

నేను డబ్బా పట్టుకుని వీధిలోకి వెళ్ళాను. ఎవరినీ రెండోసారి అడగాల్సిన పని పడలేదు. బాలింత ఉన్న ఇంట్లో వద్దన్నా వినకుండా చెంబెడు పోశారు. ఎవరివెన్నో గిన్నె కొలతతో రాసుకున్నాను. మా ఇంటివి పన్నెండు లీటర్లు, అంటే మూడు రోజుల స్నానాలు, ఒక ఉతుకు. బండి తోలే మస్తాన్ గోడ మూత బిగించి, అరచేత్తో తట్టి చూసి, ఎద్దు వీపులాగుందన్నాడు. అతను ఎద్దును ఎప్పుడూ చూసి ఉండడు. ఇక్కడే పుట్టినవాడు.

బండెక్కేముందు వల్లి నా చేయి పట్టుకుంది.

"కుజదోషం ఉండాదని నాలుగు సంబంధాలు తప్పిపోయి, చివరికి కుజుడి మీదికే కాపురానికి వచ్చినదానివి. నీ సంతకానికి తిరుగేముంటది వదినా."

మా ఆయన నవ్వబోయి, బండి వెనక్కు వెళ్ళి నిలబడ్డారు. మధ్యాహ్నం ఒంటిగంటకు కొక్కెం తీశారు.

నిజ ఆశ్వయుజం, పదహారో రోజు

పనులు: జల్లెడలు, మూడు. ఇల్లు తుడుపు తడిబట్టతో, నీళ్ళు పోయకుండా. స్నానం లేదు. ఫొటోలు, గంటకొకటి.

చుక్కలు అంచు వదిలి లోపలికి వచ్చాయి. మూడు కాస్తా ఐదయ్యాయి. పదకొండు గంటల ఫొటోలో వాటి మధ్య తెల్లగా మెరిసింది. మొదట మళ్ళీ ఏదో మురికి అనుకుని, అలవాటుగా చేయి కెమెరా మీదికి పోయింది. తిప్పాను. అది సూర్యుడితోపాటే తిరిగింది.

దేవసహాయం గారి దగ్గరికి పరుగెత్తాను. దారి రేడియోలో మస్తాన్ దొరకడానికి చాలాసేపు పట్టింది. ఆయన పక్కన నిలబడి నేను ఊరికే కొంగు ముడి వేసి విప్పుతున్నాను. నా పేరున్న కాగితం ఆయన వెనక గోడకు గుచ్చి ఉంది. చివరికి మస్తాన్ గొంతు వినిపించింది. బండిలో ఆ జల్లును కొలిచే ముల్లు లేచిందట. వల్లిని గోడల మధ్య ఇరుకులో పడుకోబెట్టి, తనూ అక్కడే నక్కాడట. ముల్లు ఎర్రగీత దాకా వెళ్ళలేదట. ఇంకా పూర్తిగా దిగలేదు, వణుకుతోంది అన్నాడు.

ఇంటికి వచ్చి ఏం చేయాలో తోచక మినప్పప్పు డబ్బా తీశాను. వడియాలు పెట్టుకోవడానికి డాబా లేదు, ఎండ లేదు, నీళ్ళసలే లేవు. పప్పును అరచేతుల్లోకి తీసుకుని వాసన చూసి, మళ్ళీ డబ్బాలో పోసేశాను. అమ్మ ఉంటే ఏమనేదో. మూడేళ్ళకొక అధికమాసం వస్తేనే అల్లాడేవాళ్ళం, నీకు ప్రతి నెలకూ ఒక అధికమా అని ఒకసారి ఉత్తరంలో రాసింది. ఇక్కడి ఏడాది అక్కడి రెండేళ్ళంత కాబట్టి ప్రతి నెలా రెండుసార్లు వస్తుంది; ఇన్ని రెట్టింపు నెలల్లో ఈ రోజంత పొడుగు రోజు లేదు.

సాయంత్రానికి ముల్లు దిగింది.

నిజ ఆశ్వయుజం, పంతొమ్మిదో రోజు

పనులు: రొట్టెలు, తొమ్మిది. ఇద్దరమే కాబట్టి తగ్గించాను. ఫొటోలు, ఆరు.

ఇసుకలో చక్రం దిగి ఒక పూట ఆలస్యమైందట. నిన్న రాత్రి చేరారు. ఈ ఉదయం ఆపరేషన్ మొదలుపెట్టారు. నడిమి భాగం ఊడలేదని డాక్టరమ్మ రేడియోలో చెప్పింది. చుక్కల గుంపు నడిమికి వస్తోంది. దేవసహాయం గారు దారి మూసేశారు. అది పడమటి అంచు దాటేదాకా బండి అక్కడే ఉంటుంది. మా ఆయన జేబులోని అచ్చును తీసి, నా ఎదుటే కాగితాల గుజ్జులో వేశారు.

అధిక కార్తీకం, తొమ్మిదో రోజు

పనులు: కోటా నీళ్ళు, రెండు డబ్బాలు. జల్లెడలు, మూడు. రొట్టెలు, పద్నాలుగు. ఫొటోలు, రెండు, సూర్యుడి ముఖం మీద ఏమీ లేదు.

మధ్యాహ్నం బండి వచ్చింది. వల్లి నల్లకళ్ళద్దాలతో దిగింది. అందరూ చుట్టుముట్టి ఎవరికి వాళ్ళు వేళ్ళు చూపించి ఎన్ని అని అడుగుతున్నారు. అది వాళ్ళందరినీ దాటుకుని నా దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి, నా ముఖాన్ని ఒక చివర నుంచి రెండో చివరదాకా చూసింది.

"పాపట్లో తెల్లవెంట్రుకలు ఇన్ని ఉండాయా వదినా? ఆ మసక కంటితో చూసినన్నాళ్ళూ నల్లగానే ఉన్నావనుకున్నా."

రంగు వేసుకోవడం మానేశానని చెప్పాను. అబద్ధం. నీళ్ళు మిగలక వేసుకోలేదు. అది గ్రహించి నా భుజం మీద గిల్లింది.

తర్వాత మస్తాన్ గోడ మూత తీశాడు. నేను గిన్నె పట్టుకుని నిలబడి, రాసుకున్న వరసలోనే ఒక్కో ఇంటికి కొలిచి పోశాను. బాలింత ఇంటికి ముందు. చివర మాకు. నీళ్ళకు కొంచెం రబ్బరు వాసన పట్టింది, కాస్తే పోతుంది. వల్లి మొదటి డబ్బా తనే ఎత్తుకుంది, మెట్లు చూసుకుంటూ, ఎవరి చేయీ పట్టుకోకుండా దిగింది.

బండి గోడకు మా ఇంటి నుంచి ఇచ్చిన అరువు, పన్నెండు లీటర్లు. పూర్తిగా ముట్టింది. చెల్లు.